సోమవారం దొంగ

ఈ రోజు ఉదయం పదకొండు గంటలకు నేను ఒక తాళంచెవిని దొంగిలించాను. దొంగతనం కుదరడమే ఇవాళ జరిగిన ఘోరం. కుదరకూడదు. మూడేళ్లుగా ఎన్ని సోమవారాలు ప్రయత్నించినా కుదరలేదు.

పాప నిద్రపోయింది. రాయడానికి కూర్చున్నాను. పొద్దున భయంతో మొదలైన రోజు సాయంత్రానికి సంతోషమైంది. జరిగింది చెప్పాలంటే ముందు నాకు ఆ దొంగతనం నేర్పినాయన గురించి చెప్పాలి.

మా ఆఫీసు రేణిగుంటలో, విమానాశ్రయానికి పోయే దారిలో, గోడౌన్ల మధ్య ఒక మేడ మీద ఉంటుంది. పాల కేంద్రాల్లో వెన్న శాతం చూపించే చిన్న మిషన్లుంటాయి కదా, వాటిలో నడిచే ప్రోగ్రాం మేం రాస్తాం. కొత్త ప్రోగ్రాం పంపినప్పుడల్లా దాని మీద మా సంతకం ఉంటుంది. కాగితం మీద సంతకం కాదు, ఒక రహస్య సంఖ్యతో వేసే సంతకం. ఆ సంఖ్యే మా తాళంచెవి. ఆ సంతకం కనిపిస్తేనే ఊళ్లలోని మిషన్ కొత్త ప్రోగ్రాంను లోపలికి రానిస్తుంది. చెవి వేరేవాళ్ల చేతిలో పడితే, ఏ దొంగ ప్రోగ్రాంకైనా మా సంతకం వేసి పంపొచ్చు. వెన్న కొంచెం తక్కువ చూపిస్తే చాలు. ఏర్పేడు దగ్గర మా ఊళ్లో తెల్లవారుజామున పాల క్యాను పట్టుకుని అలాంటి మిషన్ ముందే నిలబడుతుంది మా అమ్మ. మిషన్ ఏ అంకె చూపిస్తే దానికే తల ఊపి వస్తుంది.

అందుకే ఆ చెవి మనుషులెవరి దగ్గరా ఉండదు. దాన్ని ఒక ప్రోగ్రాం కాపాడుతుంది. మేం దాన్ని ఏజెంట్ అంటాం. సంతకం కావాలని అడిగితే వేసి ఇస్తుంది, చెవిని మాత్రం చేతికివ్వదు. ఆ ఏజెంట్ చుట్టూ గోడ కట్టినవాడు ఆయన.

ఆఫీసులో అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్లు. నేను అన్నా అనేదాన్ని. నలభై దాటిన మనిషి. పొట్టి చేతుల చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట వేలెడంత ఆకురాయి ఉండేది. ఆలోచన తెగనప్పుడు దాన్ని తీసి బొటనవేలితో అటూ ఇటూ రాస్తూ కూర్చునేవాడు. కాగితం కప్పులో టీ తాగడు. ఇంటి నుంచి తెచ్చుకున్న గాజు గ్లాసు ఒకటి ఆయన బల్ల మీద ఉండేది. రెండు వేళ్లతోనే టైపు చేసేవాడు, మేం పది వేళ్లతో అందుకోలేకపోయేవాళ్లం.

చెవులు అరగదీసే ఆ ఆకురాయి వాళ్ల నాయనది. చిత్తూరు బజారులో వాళ్ల నాయనకు బీగాలు, అంటే తాళాలు, బాగుచేసే కొట్టు ఉంది. ఆ కొట్టుకు ఒకటే నియమం. చెవి మాత్రం తెచ్చి ఇంకొకటి కోసిమ్మంటే కోయడు. బీగం కూడా తేవాలి. ఎవరైనా సరే.

"మా అమ్మ ట్రంకు పెట్టెకు ఇంకో చెవి కావల్లని కొట్టు కాడికొచ్చినాది," అని ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా అంతే సంబరంగా చెప్పేవాడు. "మా నాయన తలెత్తలేదు. పెట్టె యాడ? అన్నాడు. ఇంట్లో ఉండాది, ఆ పెట్టె మీద రోజూ నువ్వే కదయ్యా కూర్చొని చెప్పులు ఏసుకునేది అన్నాది. అయితే తీసుకొని రా అన్నాడు. మా అమ్మ ఆ పెట్టెను రిక్షాలో ఏసుకొని, బజారంతా నవ్వతా ఉంటే, తెచ్చి ఆయన ముందర దించినాది. అప్పుడు కోసినాడు."

"మీ అమ్మ ఏమన్లేదా అన్నా?"

"వారం దినాలు కూర చేయలా."

ఆ నియమాన్నే ఆయన మిషన్ లోపలికి తెచ్చాడు. మామూలుగా కంప్యూటర్లో ఫైలు ఎవరిదో వాళ్లు తలుచుకుంటే దాన్ని ఎవరికైనా ఇవ్వొచ్చు. అన్ని అధికారాలూ ఉన్న యజమాని ఖాతా ఒకటుంటుంది, దానికి అడ్డే లేదు. ఆయన కట్టిన గోడ అలాంటిది కాదు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలును ముట్టుకోవచ్చో ఒక పాలసీగా ముందే రాసి ఉంటుంది. రాయనిది ఏదీ కుదరదు. యజమాని ఖాతా వచ్చి అడిగినా అంతే. కాదన్న ప్రతిసారీ లాగ్‌లో, అంటే దాని చిట్టాలో, ఒక వాక్యం పడుతుంది: ఫలానా ప్రోగ్రాం, ఫలానా ఫైలును చదవబోయింది, తోసేశాం.

ఆ వాక్యాలను ఆయన ఊరికే చూసేవాడు కాదు, చదువురాని వాళ్లకు ఉత్తరం చదివి వినిపించినట్టు పైకి చదివేవాడు. ప్రతి వాక్యానికీ మూడు ప్రశ్నలు వేసేవాడు. "ఎవురు అడిగినారు? ఏం అడిగినారు? దానికెందుకు?" మూడోదానికి జవాబు దొరికితేనే అనుమతి రాసేవాడు. పక్కనే ఆ కారణం కూడా తెలుగులో రాసేవాడు.

నేను చేరిన కొత్తలో ఏజెంట్ చుట్టూ ఆ పాలసీ రాసే పని నాకిచ్చాడు. మొదటి రోజే లాగ్ చాంతాడంత అయింది. అన్నీ తోసివేతలే. సంతకాలు పడటం లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ కంగారులో ఒక ఉపాయం దొరికింది. తోసేసిన వాక్యాలన్నిటినీ తీసుకుని వాటినే అనుమతులుగా మార్చి రాసిచ్చే పరికరం ఒకటుంది. ఒక్క ఆజ్ఞ ఇచ్చాను. అంతా సద్దుమణిగింది. సంతకాలు పడ్డాయి, లాగ్ ఖాళీ. గర్వంగా వెళ్లి చెప్పాను.

ఆయన గ్లాసు కింద పెట్టి నా ఫైలు మొత్తం చదివాడు.

"ఎంతమంది తలుపు కొట్టినారమ్మా?"

"చూడలేదన్నా."

"కొట్టినోళ్లందరికీ తీసేసినావు. ఇంక ఎవురూ కొట్టరులే. లోపలే కూర్చోనుంటారు గదా."

తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. నేను రాయించిన అనుమతులన్నీ ఒక్కొక్కటిగా నాచేతే చదివించాడు, మూడు ప్రశ్నలు అడిగించాడు. సాయంత్రానికి గుప్పెడు మిగిలాయి. తీసేసిన వాటిలో ఒకటి బ్యాకప్‌ది. రోజూ ఫైళ్లన్నిటికీ నకలు తీసే ప్రోగ్రాం అది. చెవి ఉన్న ఫోల్డరును కూడా చదువుతానంటుంది.

"పాపం, అది నకలు తీసుకోడానికే కదన్నా," అన్నాను.

"అదే గదమ్మా నేను చెప్పేది. చెవికి నకలు తీస్తానంటా ఉండాది. మా నాయన కొట్టుకు పంపీ దాన్ని."

అక్కడే ఆయన మొండితనం కూడా చెప్పాలి. బ్యాకప్ ప్రతి రాత్రీ ఆ ఫోల్డరు దగ్గర దెబ్బ తిని, పొద్దున్నే అందరికీ ఎర్ర అక్షరాలతో ఒక మెయిల్ పంపేది: ఒక ఫోల్డరు చదవలేకపోయాను. మేనేజర్ విసుక్కునేవాడు. "ఉండనీ సార్, గోడ గట్టిగా ఉండాదని రోజూ చెప్తా ఉండాది," అని నవ్వేవాడు. తోసివేత ఆయనకు అంత ఇష్టం. అది ఇంకొకరికి చికాకు కావచ్చునన్న సంగతి ఆయనకు పట్టేది కాదు.

ఒకసారి కొత్త ప్రోగ్రాం పంపాల్సిన రోజు సంతకం ఆగిపోయింది. పాల కేంద్రాల నుంచి ఒకటే ఫోన్లు. మేనేజర్ మా గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"భాయ్, ఆ కాపలా కాసేపు పండబెట్టప్పా. సంతకం అయినాక లేపుదువు."

"కాపలావాడు ఏం తప్పు చేసినాడు సార్?"

"పని ఆపేసినాడు గదా!"

"ఒక టీ తాగే అంత టైము ఇయ్యండి."

నిజంగానే టీ పోసుకున్నాడు. ఒక్కో గుక్కకూ ఒక్కో వాక్యం పైకి చదివాడు. తప్పు నాది. ఏజెంటుకు కావలసిన ఒక ఫైలును నా సొంత ఫోల్డరులో రాసుకుని, అక్కడి నుంచి దాని ఫోల్డరులోకి జరిపాను. అలా జరిపిన ఫైలు తన పాత గుర్తును వెంట తెచ్చుకుంటుంది. కొత్త ఇంట్లో ఉన్నా మెడలో పాత ఇంటి చీటీయే. ఆ చీటీ చూసి ఏజెంటును దాన్ని ముట్టుకోనివ్వలేదు గోడ. ఆయన ఒక ఆజ్ఞతో చీటీ మార్చాడు. సంతకం పడింది. గ్లాసులో ఇంకా సగం టీ ఉంది.

"కాపలావాణ్ణి ఇంటికి పంపించింటే చీటీ సరయ్యేదా సార్?" అని మాత్రం అన్నాడు. తప్పు నాదని మేనేజరుకు చెప్పలేదు.

ఇక సోమవారాలు. ప్రతి సోమవారం పదకొండు గంటలకు ఆయన దొంగ అయ్యేవాడు. "రాండి రాండి, దొంగతనం టైమయినాది," అని మమ్మల్ని పిలిచేవాడు. యజమాని ఖాతాతో లోపలికి పోయి, చెవి ఉన్న ఫైలును చదవబోయేవాడు. తెర మీద ఒకే ఒక వాక్యం: అనుమతి లేదు. అది చూడగానే ఆయన ముఖం వెలిగిపోయేది. "నన్నే తోసేసినాది సూడు!" అని చప్పట్లు కొట్టి, మానిటరు నెత్తిన చెయ్యి పెట్టి, "శభాష్ బేటా," అనేవాడు. మమ్మల్ని ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆ డబ్బానే మెచ్చుకునేవాడు. కాదనిపించుకుని అంత సంతోషపడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

వాళ్ల నాయనకు చూపు తగ్గింది. ఇప్పుడు కోసే చెవులు సరిగ్గా పడటం లేదని, కొట్టు తనే చూసుకుంటానని ఉద్యోగం మానేశాడు. చివరి రోజు కూడా సోమవారమే. ఆ రోజు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నా ఖాతా తీసేయ్."

"సాయంత్రం తీస్తాలే అన్నా. ఇంకా ఇక్కడే ఉన్నారు కదా."

"ఉండాను గాబట్టే. నా ముందరే తీయల్ల."

తీసేశాను. ఆయన పక్క మిషన్ దగ్గరికి పోయి, తన పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టాడు. లేదంది. మళ్లీ కొట్టాడు. లేదంది. మూడోసారి అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టాడు, ఒకవేళ నేను ఏమైనా వదిలేశానేమోనని. లేదంది. వెనక్కి తిరిగి పకపకా నవ్వాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మానిటరును తట్టి, శభాష్ బేటా అని, గాజు గ్లాసు కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు.

"ఇంక దొంగవి నువ్వేమ్మా. సోమవారం మర్చిపోవద్దు. ఇంకోటి, నేను ఎప్పుడైనా ఫోన్ చేసి ఏమైనా అడిగినా చెప్పొద్దు."

మర్చిపోలేదు. కాన్పు సెలవు పెట్టేదాకా ఒక్క సోమవారం తప్పలేదు. సెలవులో మాత్రం ఎవరూ దొంగ కాలేదు. ఇవాళే తిరిగి చేరాను, తిరుపతిలో ఇంటి నుంచే పని. పాపను అత్తమ్మ ఎత్తుకుంది. పదకొండు కొట్టగానే ఆ ఫైలును చదవబోయాను.

తెర నిండా అక్షరాలు. చెవి మొత్తం నా కళ్ల ముందు ఉంది.

ఒళ్లు చల్లబడింది. గబగబా మూసేశాను, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు. గోడ ఏమైందని చూశాను. కూలలేదు. దాన్ని చూసి రాసుకునే స్థితిలో పెట్టారు. ఆ స్థితిలో అది ఎవర్నీ ఆపదు, ఎవరు దాటారో లాగ్‌లో రాస్తుంది, అంతే. మేనేజరుకు ఫోన్ చేశాను.

"అదా? ఆ ఎర్ర మెయిల్ రోజూ ప్రాణం తీస్తా ఉండిందమ్మా. నువ్వూ లేవు, భాయ్ లేడు. నెట్‌లో ఎవురో రాసినాడు, ఇట్ల పెడితే పోతాదని. పోయినాది గూడా."

"చెవి ఎవరైనా చదివేసి ఉంటే సార్? రేపు పొద్దున కొత్త ప్రోగ్రాం పోవాలి."

"ఎవురు చదువుతారమ్మా మన ఆఫీసులో? బిడ్డ పుట్టినాక నీకు భయం ఎక్కువైనట్టుండాది."

ఆ మాట గుచ్చుకుంది. నిజం కాబట్టి ఇంకా గుచ్చుకుంది. పాపను ఎవరెత్తుకున్నా, చేతులు కడుక్కున్నారా, దగ్గు ఉందా అని చూస్తూనే ఉంటాను. అత్తమ్మ నవ్వుతుంది. ఇది కూడా అలాంటి భయమేనా అని ఒక నిమిషం నన్ను నేనే అనుమానించుకున్నాను. కానీ తెర మీద చూసింది భ్రమ కాదు. లాగ్ తెరిచాను. అన్న దాని నకలు ఇంకో మిషన్లో కూడా పడేలా చేసి పోయాడు, ఒక్క రోజుదీ చెరిగిపోలేదు. నా సెలవు మొదలైన రోజు నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. ఎవరు అడిగారు? ఏం అడిగారు? దానికెందుకు?

"ఎవురితో మాట్లాడతాండావు మే?" అంది అత్తమ్మ గడప దగ్గర నుంచి, పాపను భుజాన వేసుకుని.

"దొంగ కోసం వెతుకుతున్నా అత్తమ్మా."

"దొరికితే నాకు చెప్పు, చీపురు తెస్తా."

మధ్యాహ్నం రెండింటికి దొరికాడు. ఒక్కడే. మొదటి నుంచి చివరి దాకా ఆ ఫోల్డరును ముట్టుకున్నది, ఇవాళ్టి నన్ను తప్పిస్తే, బ్యాకప్ ఒక్కటే. మనిషి జాడ లేదు. ఊపిరి వచ్చింది, వెంటనే మళ్లీ ఆగింది. బ్యాకప్ చదివిందంటే చెవి నకలు బ్యాకప్ డిస్కులోకి పోయింది. ఆ డిస్కు ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఆ బీరువాకు సరైన తాళమే లేదు.

మళ్లీ ఫోన్. 

"సార్, చెవి బయటికి పోయింది. డిస్కులో ఉంది. కొత్త చెవి చేయాలి, ఇవాళే."

"డిస్కు మన బీరువాలోనే ఉండాది కదమ్మా. పైగా చెవికి పాస్‌వర్డ్ కూడా ఉండాదంటివి."

"ఉంది సార్, కానీ నకలు చేతిలో ఉంటే దాన్ని తీరిగ్గా విప్పుకోవచ్చు. సెలవులో ఆ డిస్కును ఎవరెవరు ముట్టుకున్నారో మీరు చెప్పగలరా?"

బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

"కొత్త చెవి చేస్తే రేపటికి అందుతాదా?"

"పాత చెవితో ఆఖరి సంతకం ఒకటి చేస్తాను, కొత్త చెవిని నమ్మమని మిషన్లకు చెప్పడానికి. ఆ తర్వాత పాతది చెల్లదు. అయిదింటికి అయిపోతుంది."

"కానీమ్మా. నేను డిస్కు తీసి నా బ్యాగులో పెట్టుకుంటా."

"బ్యాగులో వద్దు సార్. దాన్ని తుడిచేయాలి. నేను చెప్తాను, మీరు చేయండి."

చేశాడు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు.

మొదట గోడను లేపాను. తర్వాత కొత్త చెవి చేశాను. పాప ఏడిస్తే ఒళ్లో వేసుకుని ఒక చేత్తోనే టైపు చేశాను. ఆఖరికి అన్న చేయని పని ఒకటి చేశాను. ఆ ఫోల్డరు జోలికే పోవద్దని బ్యాకప్ జాబితాలో ఒక్క వాక్యం రాశాను. ఇక అది అడగదు, గోడ తోసేయదు, ఎర్ర మెయిల్ రాదు, ఆ మెయిలుకు విసిగి గోడను పండబెట్టే మనిషీ ఉండడు. పక్కనే కారణం కూడా రాశాను, తెలుగులో.

అయిదు దాటి పది నిమిషాలకు, యజమాని ఖాతాతో, కొత్త చెవిని చదవబోయాను.

అనుమతి లేదు.

ఎంత గట్టిగా అరిచానంటే అత్తమ్మ నిజంగానే చీపురుతో వచ్చింది. పాప బిత్తరపోయి చూసి, నేను నవ్వుతుంటే తనూ నవ్వింది. నన్ను తోసేసింది! నా మిషన్, నా పాలసీ, నన్నే తోసేసింది! ఇంత సంతోషం ఎవరితో చెప్పుకోను? ఏడాదికి పైగా అన్నతో మాట్లాడలేదు. అయినా నంబరు నొక్కాను.

ఫోన్లో ముందు ఆకురాయి గీకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు. "ఎవురూ?"

చెప్పాను. ఆగకుండా అంతా చెప్పేశాను, సోమవారం, ఎర్ర మెయిలు, డిస్కు, పొద్దున చల్లబడ్డ ఒళ్లు. బ్యాకప్‌ను అడగొద్దని చెప్పేశాను అన్నప్పుడు ఆకురాయి చప్పుడు ఆగింది.

"అది నాకు తోచలా," అన్నాడు మెల్లగా. "ఇన్నేళ్లు తోసేయడమే సూసినా గానీ, అడగొద్దని చెప్పచ్చని తోచలా."

నాకు ఇంకా ఊపు వచ్చింది. "కొత్త చెవి ఎక్కడ పెట్టానంటే అన్నా..."

"వద్దు!" అని అరిచాడు. "నేనిప్పుడు ఆ ఆఫీసోణ్ణి గాదు గదా! నాకెందుకు చెప్తా ఉండావు?"

నాలుక కరుచుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వెనకాల ఒక ముసలి గొంతు, ఎవర్రా అని అడిగింది. "మా ఆఫీసు పాప నాయనా," అన్నాడు. మళ్లీ నాతో, "ఒక్కటి చెప్పు. నిన్ను తోసేసినాదా?"

"తోసేసిందన్నా."

"అయితే ఫోను ఆ డబ్బా కాడ పెట్టు."

ఫోనును ల్యాప్‌టాప్ ముందు పెట్టాను. గొంతు ఎక్కడి నుంచి వస్తోందా అని పాప తల తిప్పి చూసింది.

"శభాష్ బేటా," అన్నాడు.